ఒకటి నుంచి అయిదు దాకా

ఆండ్రూ అనే హరికేన్‌కి పదేళ్ళ తర్వాత ప్రమోషన్ వచ్చింది. 1992 ఆగస్టు 24న, ఇంకా తెల్లవారకముందే, అది మయామీకి దక్షిణాన ఉన్న ఊళ్ళ మీదుగా ఫ్లోరిడాలోకి దూసుకొచ్చింది. అప్పట్లో దాన్ని నాలుగో కేటగిరీ అన్నారు. గాలి వేగం గంటకు 145 మైళ్ళని రాసుకున్నారు. 2002 ఆగస్టులో అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ పాత లెక్కలు తిరగతోడి, ఆ వేగం 165 మైళ్ళు ఉండాలని, కాబట్టి ఆండ్రూ అయిదో కేటగిరీ హరికేనని తేల్చింది. అప్పటికి కూలిన ఇళ్ళ స్థానంలో కొత్త ఇళ్ళు లేచాయి. ఊళ్ళు వదిలిపోయినవాళ్ళు ఇంకెక్కడో స్థిరపడ్డారు. మారింది ఆ ఒక్క అంకె.

ఈ సంగతి చదివినప్పుడు నాకొచ్చిన సందేహం చాలా మామూలుది. గాలి వేగాన్ని కొలుస్తారు కదా, కొలిచేసిన దాన్ని పదేళ్ళ తర్వాత మార్చటమేమిటి? జవాబు వెతుక్కుంటూ పోతే రెండు వందల ఏళ్ళ వెనక ఒక తెరచాప ఓడ దాకా వెళ్ళాల్సొచ్చింది. దారిలో మన కోరంగి కూడా తగిలింది.

ముందు ఆ సందేహం సంగతి చూద్దాం. ఆండ్రూ గాలిని నేల మీద సరిగ్గా కొలిచినవాళ్ళు లేరు. కొలవాల్సిన పరికరాలు చాలావరకు ఆ గాలికే పోయాయి. కోరల్ గేబుల్స్‌లో ఉన్న హరికేన్ సెంటర్ కప్పు మీది రాడారే ఎగిరి పడిపోయింది. చేతిలో ఉన్న గట్టి ఆధారం, దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తున హరికేన్లోకి వెళ్ళిన విమానం కొలిచిన వేగం: గంటకు సుమారు 186 మైళ్ళు. పైన అంత ఉంటే కింద ఎంత ఉంటుంది? అప్పటి అలవాటు ప్రకారం అందులో 75 నుంచి 80 శాతం అనుకున్నారు. 1997 నుంచి విమానాల్లోంచి జీపీఎస్ ఉన్న చిన్న గొట్టాల్లాంటి పరికరాలు కిందికి వదలటం మొదలెట్టారు. వీటిని డ్రాప్‌సాండ్లు అంటారు. పడుతూ పడుతూ అవి ప్రతి ఎత్తు దగ్గరా గాలిని కొలుస్తాయి. ఇలా కొన్ని వందల కొలతలు పోగయ్యాక, హరికేన్ కన్ను చుట్టూ ఉండే గోడలో కిందిగాలి పైగాలిలో 90 శాతం దాకా ఉంటుందని తెలిసింది. 186లో 90 శాతం చూసుకుంటే ఆండ్రూ అయిదో కేటగిరీలోకి వచ్చేసింది.

అంటే కేటగిరీ అనే అంకె కొలత కంటే అంచనాకే దగ్గర చుట్టం. ఇందులో తప్పేం లేదు, అంతకన్నా మంచి దారి లేనప్పుడు. నన్ను ఇంకాస్త తవ్వించింది మరో ప్రశ్న. అసలు ఈ అంకె ఎవరు అడిగితే పుట్టింది?

*

ఐర్లండ్‌లో పుట్టిన ఫ్రాన్సిస్ బోఫర్ట్ బ్రిటిష్ నౌకాదళంలో అధికారి. 1806లో వుల్విచ్ అనే ఓడ మీద ఉండగా తన డైరీలో గాలికి ఒక పట్టిక రాసుకున్నాడు. గాలిని మెట్లుగా విడగొట్టటం అతనితోనే మొదలు కాలేదు. గాలిమరల గురించి జాన్ స్మీటన్, సముద్రం గురించి అలెగ్జాండర్ డాల్రింపుల్ అంతకుముందే అలాంటివి రాశారు. బోఫర్ట్ చేసిన మేలు ఏమిటంటే, ఆ మెట్లని ఓడకి కట్టాడు. ఈ గాలిలో యుద్ధనౌక ఎన్ని తెరచాపలు విప్పి పోగలదు? ఏ చాప దించాలి, దేన్ని సగం మడవాలి? చిట్టచివరి మెట్టు 12, హరికేన్. దాని గుర్తు ఒక్కటే: ఏ చాపా నిలవదు.

ఆ పట్టికలో వేగం ఎక్కడా లేదు. మైళ్ళు, గంటలు ఏవీ లేవు. కెప్టెన్‌కి కావలసింది గాలి వేగం కాదు, చాప ఉంచాలా దించాలా అన్నది. పట్టిక దానికే జవాబు చెప్పింది. 1838లో నౌకాదళం తన ఓడలన్నీ ఇదే పద్ధతిలో చిట్టా రాయాలంది. తర్వాత ఆవిరి ఓడలొచ్చాయి, తెరచాపలు పోయాయి. చాపల భాషలో రాసిన పట్టిక చాపలు లేని లోకంలో ఏం చెయ్యాలి?

1906లో జార్జ్ సింప్సన్ అనే వాతావరణ శాస్త్రవేత్త దానికి కొత్త అర్థాలు కట్టాడు. పొగ ఎటు పోతోంది, ఆకులు కదులుతున్నాయా, కొమ్మలు ఊగుతున్నాయా, గొడుగు పట్టుకోవటం కష్టంగా ఉందా అని నేల మీది గుర్తులు చెప్పాడు. ప్రతి మెట్టుకీ ఒక వేగం వచ్చేలా సూత్రం కూడా ఇచ్చాడు. దాని ప్రకారం 12వ మెట్టు మొదలయ్యేది 64 నాట్ల దగ్గర. ఇవి వరి నాట్లు కావు, గంటకు ఇన్ని నాటికల్ మైళ్ళు అని సముద్రం మీది లెక్క. 64 నాట్లంటే గంటకు 74 మైళ్ళు, సుమారు 119 కిలోమీటర్లు.

ఇవాళ అట్లాంటిక్‌లో ఒక తుఫానుని హరికేన్ అని పిలవాలంటే దాటాల్సిన గీత ఇదే. 74 అన్న సంఖ్యలో ప్రకృతి పెట్టిన నియమం ఏదీ లేదు. ఆ గీతకి అటూ ఇటూ గాలి స్వభావం మారిపోదు. అది పాత తెరచాప ఓడ ఓపిక. ఆ ఓడ, ఆ చాప రెండూ పోయాక కూడా గీత అక్కడే ఉండిపోయింది.

*

బోఫర్ట్ పట్టిక ఓడ ఉన్న చోట గాలి ఎంతో చెప్పింది. ఆ తుఫాను మొత్తంగా ఎలా ఉంటుందో, ఎంత వెడల్పో చెప్పలేదు. ఆ పని మరో ఇద్దరు చేశారు.

మొదటివాడు విలియం రెడ్‌ఫీల్డ్. అమెరికాలో గుర్రాల జీన్లు కుట్టే పనివాడు. 1821 హరికేన్ తర్వాత కనెక్టికట్ ప్రాంతంలో నడిచి వెళుతూ, ఒకచోట చెట్లన్నీ ఒకవైపుకి పడి ఉంటే, కొంతదూరం పోయాక ఎదురువైపుకి పడి ఉండటం గమనించాడు. గాలి గుండ్రంగా తిరిగితే తప్ప అలా పడవు. 1831లో ఈ మాట అచ్చులో పెట్టాడు.

రెండోవాడు హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో, ఓడ ప్రమాదాల మీద విచారణ జరిపే మెరైన్ కోర్టులకి అధ్యక్షుడు. బంగాళాఖాతంలో తుఫానుల్లో చిక్కిన ఓడల చిట్టాలు తెప్పించుకుని, ఎవరికి ఏ గంటలో గాలి ఎటునుంచి కొట్టిందో ఒక పటం మీద పేర్చేవాడు. అతను తడిమిన తుఫానుల్లో 1789 డిసెంబరులో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిని ముంచింది ఒకటి. ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద అలలొచ్చి ఊరినీ రేవులోని ఓడల్నీ మింగేశాయని అతను రాశాడు. 1839 నవంబరులో అదే కోరంగి మళ్ళీ మునిగింది. మూడు లక్షల మంది పోయారన్న లెక్క ఇప్పటికీ ప్రపంచ విపత్తుల జాబితాల్లో తిరుగుతూ ఉంటుంది. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో పిడింగ్టన్ ఈ తుఫానులకి ఒక పేరు పెట్టాడు. పాము చుట్టని తలపించే గ్రీకు మాటలోంచి తీసిన పేరు: సైక్లోన్.

అంటే ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాట మన సముద్రం మీద, మన ఒడ్డున పోయిన ప్రాణాల లెక్కల మధ్య పుట్టింది. ఇందులో ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మాట గాలి ఆకారాన్ని చెప్పింది. కోరంగిని ముంచింది నీళ్ళు. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

*

తుఫాను బలాన్ని అందుకోవటానికి అప్పట్లో అన్నిటికన్నా నమ్మకమైన పరికరం బారోమీటరు. గాలిని కొలిచే గిన్నెల యంత్రం విరిగిపోతుంది, బారోమీటరు గదిలో గోడకి వేలాడుతూ ఉంటుంది. మధ్యలో పీడనం ఎంత పడిపోతే చుట్టూ గాలి అంత ఉధృతంగా లోపలికి పరిగెడుతుంది. 1935లో లేబర్ డే నాడు ఫ్లోరిడా కీస్ దీవుల్ని కొట్టిన హరికేన్ అమెరికా చరిత్రలో అతి తీవ్రమైన వాటిల్లో ఒకటి. నాలుగు వందల మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది రోడ్డు పనుల క్యాంపుల్లో ఉన్న మొదటి ప్రపంచయుద్ధపు మాజీ సైనికులు. దాని గాలి ఎంతో అక్కడ కొలిచిన యంత్రం లేదు. మనకి మిగిలింది 892 మిల్లీబార్లని చూపించిన ఒక చిన్న బారోమీటరు రీడింగు. మామూలుగా సముద్రమట్టం దగ్గర 1013 ఉంటుంది. ఆ తుఫానుకి ఇవాళ మనం చెప్పే వేగం ఆ 892 నుంచి వెనక్కి కట్టిన లెక్కే.

1943 జులైలో టెక్సస్‌లో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనిక పైలట్, తోటివాళ్ళతో పందెం కట్టి ఒక శిక్షణ విమానాన్ని తిన్నగా హరికేన్ కంట్లోకి తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. ఆ తర్వాత ఇది పద్ధతిగా మారింది. పరికరం ఉన్న చోటికి తుఫాను రావాలని ఎదురుచూడకుండా, పరికరమే తుఫాను దగ్గరికి పోవటం అప్పటినుంచి మొదలైంది.

విమానం పోలేని చోట ఉపగ్రహం. 1970లలో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మేఘాల ఫొటో చూసి తుఫాను బలం చెప్పే పద్ధతి కట్టాడు. మేఘపు పట్టీ కేంద్రం చుట్టూ ఎంత దూరం చుట్టుకుంది, కన్ను ఏర్పడిందా, దాని చుట్టూ మేఘాలు ఎంత చల్లగా ఉన్నాయి. ఇలా చూసి 1 నుంచి 8 దాకా, అర అర మార్కుల లెక్కన ఒక అంకె వేస్తారు. ఆ అంకెకి ఎంత వేగమో పట్టిక ఉంటుంది. ఫొటో చూసి మనిషి బరువు చెప్పటం లాంటిదన్నమాట. వినటానికి విడ్డూరంగా ఉన్నా ఆశ్చర్యంగా బాగా పనిచేస్తుంది. పశ్చిమ పసిఫిక్‌లో అమెరికా నిఘా విమానాలు 1987లో ఆగిపోయాయి. బంగాళాఖాతంలో అలాంటి విమానాలు తిరిగే అలవాటే లేదు. కాబట్టి మన తీరానికొచ్చే తుఫాను నడిసముద్రంలో ఉన్నప్పుడు టీవీ చెప్పే వేగం వెనక ముఖ్యంగా ఉండేది డ్వొరాక్ చూపే.

*

ఇప్పుడు అయిదు మెట్ల కథ.

హెర్బర్ట్ సాఫిర్ స్ట్రక్చరల్ ఇంజనీరు. దక్షిణ ఫ్లోరిడాలో ఇళ్ళు ఎలా కట్టాలో నియమాలు రాసిన మనిషి. 1969లో ఐక్యరాజ్యసమితి ఆయన్ని, హరికేన్లొచ్చే దేశాల్లో తక్కువ ఖర్చుతో ఎలాంటి ఇళ్ళు కట్టొచ్చో చూడమంది. పని మొదలెడితే ఆయనకొక లోటు కనబడింది. భూకంపాలకి రిక్టర్ స్కేలు ఉంది. హరికేన్ ఏం చేస్తుందో చెప్పటానికి అలాంటిదేదీ లేదు. ఆయన అయిదు మెట్లు గీశాడు. ఈ వేగానికి చెట్ల కొమ్మలు, ఈ వేగానికి కప్పు రేకులు, ఈ వేగానికి గోడలు. బోఫర్ట్ తెరచాపని అడిగిన ప్రశ్నే సాఫిర్ ఇంటికప్పుని అడిగాడు.

అదే ఏడాది ఆగస్టులో కమిల్ అనే హరికేన్ మిసిసిపీ తీరాన్ని నేలమట్టం చేసింది. అప్పుడు హరికేన్ సెంటర్ డైరెక్టర్ రాబర్ట్ సింప్సన్. (గొడుగుల సింప్సన్‌కీ ఈయనకీ చుట్టరికం లేదు.) ఆరేళ్ళ పిల్లాడిగా 1919లో కార్పస్ క్రిస్టీ హరికేన్‌లోంచి కుటుంబంతో బతికి బయటపడ్డ మనిషి. వచ్చే హరికేన్ వల్ల ఎంత నష్టం ఉండొచ్చో సహాయ సంస్థలకి ముందే చెప్పటం ఆయనకి తలనొప్పిగా ఉండేది. సాఫిర్ మెట్లు తీసుకుని, ఒక్కో మెట్టుకీ సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో, పీడనం ఎంత ఉంటుందో చేర్చాడు. మొదటి మెట్టుకి ఉప్పెన 4-5 అడుగులు, రెండుకి 6-8, మూడుకి 9-12, నాలుగుకి 13-18, అయిదుకి 18 దాటి. 1970ల నడుమ నుంచి ఈ అంకె జనం వినే ప్రకటనల్లోకి వచ్చింది.

అప్పటిదాకా ఇంజనీర్ల మధ్య, అధికారుల మధ్య తిరిగిన అంకె ఇప్పుడు మామూలు మనిషి చేతికొచ్చింది. అతను దాన్ని పట్టుకుని ఒకే ఒక్క విషయం తేల్చుకోవాలి. ఉండాలా, పోవాలా?

దాంతో రెండు చిక్కులొచ్చాయి. మొదటిది చిన్నది, మా వృత్తివాళ్ళకి నవ్వు తెప్పించేది. హరికేన్ సెంటర్ వేగాన్ని అయిదేసి నాట్ల లెక్కన చెబుతుంది. 115 నాట్లంటే నాలుగో కేటగిరీ. జనానికి చెప్పటానికి మైళ్ళలోకి మారిస్తే 132.3. దాన్ని దగ్గరి అయిదుకి సర్దితే 130. కానీ మైళ్ళ పట్టికలో నాలుగో కేటగిరీ మొదలయ్యేది 131 దగ్గర! ఒకే తుఫాను నాట్లలో నాలుగు, మైళ్ళలో మూడు. పొంతన కుదరటానికి ఫోర్‌కాస్టర్లు 115 నాట్లకి 135 మైళ్ళని రాయాల్సొచ్చేది. 2012లో గీతని 130కి జరిపి ఈ బగ్ సరిచేశారు. దీనికి తోబుట్టువు ఇంకోటుంది. అమెరికా వాళ్ళు ఒక నిమిషం సగటు గాలి తీస్తారు, మన వాతావరణ శాఖ మూడు నిమిషాలది, చాలా దేశాలు పది నిమిషాలది. సగటు తీసే కాలం పెరిగితే అంకె తగ్గుతుంది. 2014లో విశాఖని కొట్టిన హుద్‌హుద్ మన లెక్కలో గంటకు 185 కిలోమీటర్లు, అమెరికా లెక్కలో 215. రెండూ అదే తుఫాను. పక్కపక్కన పెట్టి పోల్చే ముందు చూసుకోవాలి.

రెండో చిక్కు ప్రాణాలకి సంబంధించింది.

*

తుఫాను కేటగిరీ అంటే ఆ తుఫాను మొత్తంలో ఎక్కడో ఒకచోట, ఒక్క నిమిషం పాటు వీచే అతి ఎక్కువ గాలి. మిగతా తుఫాను ఎంత వెడల్పుందో ఆ అంకెకి తెలీదు. 1974 క్రిస్మస్‌కి ఆస్ట్రేలియాలో డార్విన్ నగరాన్ని పిండి చేసిన ట్రేసీలో, ఈదురుగాలి కేంద్రం నుంచి 50 కిలోమీటర్లు కూడా వ్యాపించలేదు. ఎయిర్‌పోర్టులో గాలి యంత్రం 217 కిలోమీటర్లు చూపించి చచ్చిపోయింది. 1979లో పసిఫిక్‌లో టిప్ అనే టైఫూన్ వెడల్పు 2,200 కిలోమీటర్ల పైచిలుకు. ఇంతవరకు సముద్రమట్టం దగ్గర కొలిచిన అతి తక్కువ పీడనం, 870 మిల్లీబార్లు, దానిదే. ఒక ఊరంత తుఫానుకీ ఒక ఉపఖండమంత తుఫానుకీ ఒకే కొలబద్ద ఎలా సరిపోతుంది?

గాలి ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. నీటి దగ్గర సర్దుకోవటం కుదరదు. పీడనం తగ్గటం వల్ల సముద్రం పైకి లేచేది కొంతే, మిల్లీబారుకి ఒక సెంటీమీటరు చొప్పున. వంద మిల్లీబార్లు పడిపోయినా ఒక మీటరు. మిగతాదంతా గాలి తోసుకొచ్చే నీళ్ళు. ఎంత వెడల్పున గాలి వీస్తే, ఎంతసేపు వీస్తే, ఒడ్డున సముద్రం ఎంత లోతు తక్కువైతే అంత ఉప్పెన. వీటిలో ఏదీ కేటగిరీలో లేదు.

2004లో చార్లీ ఫ్లోరిడాకి నాలుగో కేటగిరీగా వచ్చింది. సింప్సన్ పట్టిక ప్రకారం 13 నుంచి 18 అడుగుల ఉప్పెన రావాలి. తుఫాను చిన్నది కావటంతో వచ్చింది 6-7 అడుగులు. మరుసటేడు కట్రినా మూడో కేటగిరీగా తీరం దాటింది. పట్టిక ప్రకారం 9-12 అడుగులు. మిసిసిపీలో వచ్చింది దాదాపు 28. అక్కడి ముసలివాళ్ళకి 1969 కమిల్ గుర్తుంది. అది అయిదో కేటగిరీ. అప్పుడు మునగని ఇల్లు మూడుకి మునుగుతుందా అని ఆగిపోయినవాళ్ళున్నారు. కమిల్ చిన్న తుఫాను, కట్రినా పెద్దది. పైగా కట్రినా ముందురోజు దాకా అయిదో కేటగిరీలోనే ఉంది. అప్పుడు తోసిన నీళ్ళు, గాలి తగ్గింది కదా అని వెనక్కి పోవు. 2005లో కూడా కమిలే జనాన్ని చంపిందని ఆ తర్వాత అక్కడ ఒక మాట మిగిలిపోయింది.

2008లో ఐక్ రెండో కేటగిరీగా టెక్సస్‌కి వచ్చింది. పట్టికలో 6-8 అడుగులు, గాల్వెస్టన్ పక్కన వచ్చింది 15 నుంచి 20. ఆ ముందు రోజుల్లో అక్కడి వాతావరణ కార్యాలయం ఒక అసాధారణమైన పని చేసింది. ఒకటి రెండు అంతస్తుల ఇళ్ళలో ఉండిపోయేవాళ్ళకి చావు ఖాయమని నేరుగా రాసి ప్రకటించింది. రెండు అన్న అంకె చెప్పలేనిదాన్ని వాక్యంలో చెప్పాల్సొచ్చింది.

2010లో హరికేన్ సెంటర్ ఆ పట్టికలోంచి ఉప్పెన, పీడనం అన్న గడుల్ని తీసేసింది. అప్పటినుంచి అది గాలి స్కేలు, అంతే. శాస్త్రం దృష్టిలో ఇది నిజాయితీ. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పటం మానేశారు. కానీ వినేవాళ్ళ చెవిలో ఒకటి నుంచి అయిదు దాకా అన్న పాట అలాగే మోగుతోంది. అంకెలోంచి నీళ్ళు పోయాయని అందరికీ ఎవరు చెబుతారు? అమెరికాలో 1963 నుంచి 2012 దాకా యాభై ఏళ్ళలో హరికేన్ల, ఉష్ణమండల తుఫానుల చావుల్ని ఎడ్వర్డ్ రాపపోర్ట్ లెక్కగట్టారు. దాదాపు పదిలో తొమ్మిది నీటి వల్ల, సుమారు సగం ఒక్క ఉప్పెన వల్లే. గాలి వాటా పదోవంతు లోపు. ఆ అంకె కొలిచేది మాత్రం గాలిని.

2017 ఆగస్టులో నేను హ్యూస్టన్‌లో ఉన్నాను. హార్వీ శుక్రవారం రాత్రి, మాకు కారులో మూడు గంటల దూరాన రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. 115 నాట్లు, 130 మైళ్ళు, నాలుగో కేటగిరీ. అంతకు అయిదేళ్ళ ముందు జరిపిన గీత మీద సరిగ్గా నిలబడిన తుఫాను. శనివారానికల్లా అది హరికేన్ స్థాయి కూడా లేదు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆదివారం పొద్దున అదే గ్రూపులో ఎవరి దగ్గరైనా బోటుందా అని అడుగుతున్నారు. తుఫాను కదలటం మానేసి అక్కడే కూర్చుని కురిసింది. నీడర్‌లాండ్ అనే ఊళ్ళో 60 అంగుళాల పైన పడింది. అంటే 1,500 మిల్లీమీటర్లు దాటి, హైదరాబాదులో ఏడాది మొత్తం పడే వానకి దాదాపు రెట్టింపు. టెక్సస్‌లో నేరుగా హార్వీ వల్ల పోయిన 68 మందిలో ముగ్గురు తప్ప అందరూ పోయింది వాన వరదలోనే. ఆ వరదలో ఎక్కువ భాగం, కేటగిరీ అంటూ ఏదీ లేని రోజుల్లో వచ్చింది.

*

ఒక్క అంకె చాలదని శాస్త్రవేత్తలకి ఎప్పుడో తెలుసు. ప్రతి ఆరు గంటలకీ గాలి వేగాన్ని వర్గం చేసి, తుఫాను బతికున్నన్నాళ్ళూ కూడే లెక్క ఒకటుంది. గాలి చేసే పని వేగపు ఘనంతో పెరుగుతుందని 2005లో కెర్రీ ఇమాన్యుయెల్ ఘనం చేసి కూడారు. ఒకటో కేటగిరీ మొదలయ్యేది 119 కిలోమీటర్ల దగ్గర, అయిదోది 252 దగ్గర. వేగం రెట్టింపుకి కాస్త ఎక్కువ, గోడ మీద ఒత్తిడి నాలుగున్నర రెట్లు, శక్తి తొమ్మిదిన్నర రెట్లు. ఒకటికీ అయిదుకీ మధ్య ఇంత దూరముందని ఆ అంకెలు చూస్తే తెలీదు. 2007లో మార్క్ పవెల్, తిమోతీ రైన్‌హోల్డ్ ఇంకో దారి చూపించారు. తుఫాను పరుచుకున్న విస్తీర్ణమంతటా గాలి గతిశక్తిని కూడితే, బలం, సైజు రెండూ ఒకే లెక్కలోకొస్తాయి. ఇవన్నీ మంచి కొలతలే. కానీ కిరాణా కొట్టు దగ్గర ఎవరూ టెరాజౌళ్ళలో మాట్లాడుకోరు.

2024లో మైఖేల్ వెహ్నర్, జేమ్స్ కాసిన్ అన్న శాస్త్రవేత్తలు ఆరో కేటగిరీ ప్రస్తావన తెచ్చారు. సముద్రాలు వేడెక్కి 192 మైళ్ళు దాటే తుఫానులు వస్తున్నాయి కాబట్టి, అయిదు అన్న గది కిక్కిరిసిపోయిందని వాళ్ళ వాదం. వేడెక్కటం గురించి చెప్పటానికి అది పనికొస్తుంది. రాబర్ట్ సింప్సన్ బతికుండగా ఇదే ప్రశ్నకి ఒక జవాబిచ్చాడు. అయిదో కేటగిరీ గాలిలో ఎంత బాగా కట్టిన ఇల్లయినా దెబ్బతింటుంది, ఆ పైన ఇంకో మెట్టు దేనికని. ఆయన స్కేలు ఇంటి గురించి, ఇల్లు పడ్డాక ఆ స్కేలు చెప్పేదేమీ లేదు. ఎవరి ప్రశ్నకి ఎవరి జవాబన్నది ఇక్కడ కూడా తేలాల్సిన సంగతే.

మన సంగతి చూస్తే నాకొకటి ముచ్చటేసింది. మన వాతావరణ శాఖ మెట్లు తీసుకోండి. వాయుగుండం 17 నాట్ల నుంచి, తీవ్ర వాయుగుండం 28, తుఫాను 34, తీవ్ర తుఫాను 48, అతి తీవ్ర తుఫాను 64. ఇవి బోఫర్ట్ పట్టికలో వరసగా 5, 7, 8, 10, 12 మెట్లు మొదలయ్యే చోట్లు. టీవీలో వాయుగుండం తుఫానుగా మారింది అని చదివిన ప్రతిసారీ, ఒక తెరచాప ఓడ కెప్టెన్ ఇంకో చాప దించుతున్నాడన్నమాట.

ఆ మెట్ల పక్కన మనకి ఇంకో మాట కూడా ఉంది. ఉప్పెన. గాలివాన వేరు, ఉప్పెన వేరు అని తెలుగువాడికి పట్టిక అక్కర్లేకుండానే తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. దాని గాలి వేగమెంతో, అది ఏ తరగతి తుఫానో కృష్ణా జిల్లాలో ఎవరినడిగినా చెప్పరు. దివిసీమ ఉప్పెన అంటారు. అయిదు మీటర్ల నీళ్ళని గుర్తుపెట్టుకున్నారు. అమెరికా హరికేన్ సెంటర్ 2010లో చేసిన విభజన ఈ రెండు మాటల్లో ముందునుంచే ఉంది.

2017 నుంచి అక్కడ ఉప్పెనకి విడిగా హెచ్చరిక ఇస్తున్నారు. కేటగిరీతో సంబంధం లేకుండా, ఫలానా వీధిలో నేల మీద ఎన్ని అడుగుల నీళ్ళు నిలబడొచ్చో రంగుల పటం వేస్తున్నారు. మన బులెటిన్లలో కూడా అలల ఎత్తు, మునిగే మండలాల పేర్లు గాలి వేగంతో పాటు వస్తాయి. పేపర్లో హెడ్డింగు మాత్రం ఇంకా గాలిదే. ఈసారి ఏ తుఫానో వచ్చినప్పుడు, ఎంత వేగం, ఏ కేటగిరీ అన్న లైను దాటి కిందికి చదవండి. నీళ్ళు ఎంత ఎత్తు, ఎంత లోపలికి, వాన ఎన్ని గంటలు అన్నవి మూడో నాలుగో పేరాలో ఉంటాయి. ఉండాలా పోవాలా అన్న ప్రశ్నకి జవాబు ఆ పేరాలోదే.